శిశు, కుటుంబ సంక్షేమ కౌన్సెలరు పని – సంఘకాపరి బాధ్యత: కర్నూలు, కడప ప్రాంతముల నేపథ్యములో ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

రాయలసీమ పల్లెలలో ఇంటి గొడవ ముదిరితే ముందుగా కబురు వెళ్ళేది ఊరి పెద్దమనుషులకు. ఆ ఇల్లు విశ్వాసులదైతే పాస్టరుగారికి. భర్త కొట్టాడని, బిడ్డ బడి మానిందని, తల్లి కువైట్‌కు పోయిందని, పదహారేండ్ల పిల్లకు సంబంధము కుదిరిందని – ఇటువంటి మాటలన్నీ ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత మన ఇంటి వసారాలోనే మొదట వినబడతాయి. మనము ప్రార్థన చేస్తాము, బుద్ధి చెబుతాము, ఇరుపక్షములను కూర్చోబెట్టి మాట్లాడతాము. ఇది కాపరి పరిచర్యలో భాగమే, సందేహము లేదు.

అయితే ఇవే సమస్యలపై చట్టము ఇచ్చిన బాధ్యతతో పనిచేసే మరొకరు జిల్లా కేంద్రములో ఉన్నారు. వారినే శిశు, కుటుంబ సంక్షేమ కౌన్సెలరు అంటున్నాము. ఆ పని ఎటువంటిదో చాలామంది కాపరులకు స్పష్టముగా తెలియదు. కొందరు కౌన్సెలరును పోలీసు మనిషిగా భావించి దూరముగా ఉంచుతారు. మరికొందరు, “మనము చేసేదీ అదే కదా” అనుకొని, వారికి చేరవలసిన విషయమును తమ వద్దనే ముగించివేస్తారు. రెండింటి వలనను నష్టపోయేది పిల్లలే.

ఈ వ్యాసములో ముందుగా మన ప్రాంతపు కుటుంబములపై ఉన్న భారములను, పిదప కౌన్సెలరు పని జరిగే తీరును, చివరికి కాపరి ఎక్కడ కౌన్సెలరుతో కలిసి నడవాలో, ఎక్కడ విషయమును వారికి అప్పగించాలో పరిశీలిద్దాము. మేము చెప్పదలచినది ఒక్కటే: బిడ్డ భద్రత ముందు, ఇంటివారి సమాధానము తరువాత. ఈ వరుస తారుమారైతే మంచి మనస్సుతో చేసిన పరిచర్య కూడా కీడు చేయగలదు.

1. సీమ కుటుంబముపై ఉన్న భారములు

కౌన్సెలరు ముందుకు వచ్చే ప్రతి ఇంటి కథ వెనుక ఒక ప్రాంతపు కథ ఉంటుంది. కర్నూలు, కడప ప్రాంతములలో ఆ కథ వర్షముతో మొదలవుతుంది. వాన తప్పితే పంట పోతుంది, పంట పోతే అప్పు పెరుగుతుంది, అప్పు పెరిగితే ఇల్లు చెదరిపోతుంది.

పశ్చిమ కర్నూలులోని ఆదోని, కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆలూరు ప్రాంతములనుండి ఏటా కుటుంబములు సుగ్గికి బయలుదేరుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీయడానికి కొందరు, బెంగళూరు, హైదరాబాదు నగరములలో కట్టడపు పనులకు కొందరు. పిల్లలను అవ్వ దగ్గర వదిలితే కనిపెట్టుకొనే బలము ఆమెకు ఉండదు. వెంట తీసుకొనిపోతే చదువు ఆగిపోతుంది. ఇందుకే ప్రభుత్వము వలస కుటుంబముల పిల్లలకు సీజనల్ హాస్టళ్ళు నడిపింది. ఉమ్మడి కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట వైపు కథ వేరు. అక్కడ తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోతుంది, నెలనెలా డబ్బు వస్తుంది, కాని రోజూ బిడ్డ ముఖము చూచి కష్టము కనిపెట్టేవారు ఉండరు.

అప్పు పిల్లల మీద ఎలా పడుతుందో చెప్పడానికి కర్నూలు జిల్లా పత్తి విత్తనపు పొలములే సాక్ష్యము. 1990 దశకములోను, 2000 తరువాతి తొలి ఏండ్లలోను సంకరజాతి పత్తి విత్తనము పండించే పొలములలో చేతితో పువ్వుకు పువ్వు కలిపే పనికి బాలికలను పెట్టేవారు. పని లేని రోజులలో తల్లిదండ్రులకు ముందుగా డబ్బు ఇచ్చి, సీజను రాగానే పిల్లను పనికి తెచ్చుకొనేవారు. అంటే తండ్రి తీసుకొన్న అప్పును కూతురు చేతులతో తీర్చేది. ఎం. వి. ఫౌండేషన్ ఉయ్యాలవాడ ప్రాంతములో ఈ పిల్లలను బడికి తెచ్చే పని చేసింది. 2009 విద్యాహక్కు చట్టము, 14 ఏండ్ల లోపు పిల్లల చేత పని చేయించుటను సాధారణముగా నిషేధించిన 2016 నాటి బాలకార్మిక చట్ట సవరణ ఆ తరువాత వచ్చాయి.

వీటికి తోడు కక్షలలో తండ్రిని పోగొట్టుకొన్న ఇండ్లు, పంట అప్పులతో రైతు ప్రాణము తీసుకొన్న ఇండ్లు, సారాయి వలన చితికిన ఇండ్లు మన సంఘములలో ఉన్నాయి. వీటన్నిటికీ పెద్దలు వెదకే తేలిక మార్గము తరచుగా ఒక్కటే: ఆడపిల్లకు త్వరగా పెండ్లి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏండ్ల స్త్రీలలో 29.3 శాతము మందికి 18 ఏండ్లు నిండకముందే పెండ్లి జరిగింది. దేశ సగటు 23.3 శాతము. మన రాష్ట్రము దేశము కన్నా వెనుకబడి ఉన్న విషయములలో ఇది ఒకటి.

2. కౌన్సెలరు ఎవరు? ఎక్కడ ఉంటారు?

మన దేశములో సామాజిక సేవను ఒక వృత్తివిద్యగా బోధించుట 1936లో బొంబాయిలో ప్రారంభమైంది. నేడు టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అని పిలువబడే ఆ సంస్థకు తొలి డైరెక్టరు క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికా మిషనరీ. బొంబాయి నాగ్‌పాడా పేటలో కార్మిక కుటుంబముల మధ్య పనిచేస్తూ, జాలి ఒక్కటే చాలదు, శిక్షణ కావాలని ఆయన గ్రహించాడు. కాబట్టి ఈ వృత్తి సంఘమునకు పరాయిది కాదని కాపరులు తెలిసికొనవలెను.

భారతదేశము 1992లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను అంగీకరించింది. దాని వెలుగులో వచ్చిన చట్టములలో మనకు ముఖ్యమైనది 2015 నాటి బాలల న్యాయ చట్టము. ఇది 2016 జనవరి 15 నుండి అమలులో ఉన్నది. దీని క్రింద ప్రతి జిల్లాకు ఉండే వ్యవస్థలలో రెండు మనకు ముఖ్యమైనవి. మొదటిది బాలల సంక్షేమ సమితి. అధ్యక్షులు ఒకరు, సభ్యులు నలుగురు. పిల్లల విషయములో ఈ సమితికి మొదటి తరగతి మేజిస్ట్రేటుకున్న అధికారములు ఉంటాయి. రెండవది జిల్లా బాలల సంరక్షణ విభాగము. కౌన్సెలరు, సోషల్ వర్కర్లు, న్యాయ పరిశీలన అధికారి, సంరక్షణ అధికారులు ఈ విభాగములో పనిచేస్తారు.

కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య నిబంధనల ప్రకారము ఈ విభాగములో జిల్లా అంతటికీ ఒక్క కౌన్సెలరు పోస్టే ఉంటుంది. కర్నూలులో కూర్చున్న ఒక్కరికి కోసిగిలోని ఒక ఇంట జరిగేది దానంతట అది తెలియదు. ఎవరో ఒకరు చెప్పాలి. ఆ ఊరిలో వారము వారము ఆ ఇంటి గడప తొక్కే వ్యక్తి చాలాసార్లు కాపరియే. మన బాధ్యత ఎక్కడ మొదలవుతుందో ఈ ఒక్క విషయమే చెబుతుంది.

కౌన్సెలర్లు మరికొన్ని చోట్ల కూడా ఉంటారు. 2005 గృహహింస నిరోధక చట్టము క్రింద మన రాష్ట్రములో ఏర్పడిన గృహహింస విభాగములలో సోషల్ కౌన్సెలరు, లీగల్ కౌన్సెలరు ఉంటారు. 2015 నుండి వచ్చిన సఖి కేంద్రములలో హింసకు గురైన స్త్రీకి వైద్యము, పోలీసు సహాయము, కౌన్సెలింగు, కొద్దిరోజుల ఆశ్రయము ఒకేచోట లభిస్తాయి. కుటుంబ న్యాయస్థానములకు కూడా కౌన్సెలర్లను నియమించుకొనే వీలును 1984 చట్టము ఇచ్చింది. పిల్లల కొరకు 1098, స్త్రీల కొరకు 181 అనే ఫోను నంబర్లు ఉన్నాయి. ఈ రెండు నంబర్లు ప్రతి చర్చి గోడ మీద ఉండదగినవి.

3. కౌన్సెలింగు జరిగే తీరు: ఎలీషా చూపిన మాదిరి

కౌన్సెలింగు అంటే సలహా ఇవ్వడము అని అనేకులు అనుకొంటారు. వాస్తవానికి సలహా అందులో చిన్న భాగము. ఈ పనిని కాపరులు సులువుగా గ్రహించుటకు 2 రాజులు 4:1–7 భాగమును తీసుకొందాము. భర్త చనిపోయిన ఒక స్త్రీ, అప్పులవాడు తన ఇద్దరు కుమారులను దాసులుగా తీసుకొనిపోవుటకు వచ్చాడని ఎలీషా ప్రవక్తతో మొరపెట్టుకొన్నది. చనిపోయినవాడు ప్రవక్తల శిష్యులలో ఒకడు, భక్తిపరుడు. పత్తి విత్తనపు పొలములకు ముందు డబ్బు తీసుకొన్న ఇంటికీ, ఈ ఇంటికీ ఎంత పోలిక ఉన్నదో సీమ కాపరికి వేరుగా చెప్పనవసరము లేదు.

మొదటిది, వినుట. ఎలీషా ఆమె మాట పూర్తిగా విన్నాడు. అప్పు ఎందుకు చేశారని గద్దించలేదు. కౌన్సెలరు కూడా మొదట వింటారు. బిడ్డ మాటను పెద్దల ఎదుట కాక వేరుగా వింటారు. “నిన్ను ఫలానా ఆయన ఇలా చేశాడా?” అని జవాబు ఇమిడి ఉన్న ప్రశ్న వేయరు, “ఏమి జరిగిందో నీకు తోచినట్లు చెప్పమ్మా” అంటారు. ఒకే సంగతిని పదిమందికి పదిసార్లు చెప్పించరు. “ఎవరికీ చెప్పను” అని మాట ఇవ్వరు. “నీకు సహాయము చేయగలిగినవారికి మాత్రమే చెబుతాను” అంటారు. ఈ చివరి విషయము కాపరులు ప్రత్యేకముగా నేర్చుకోవలసినది. నిలుపుకోలేని మాట ఇస్తే ఆ బిడ్డ మరల ఎవరినీ నమ్మదు.

రెండవది, ఇంటిలో ఏమున్నదో చూచుట. నేను నీకేమి చేయాలి, నీ ఇంటిలో ఏమున్నది అని ఎలీషా రెండు ప్రశ్నలు అడిగాడు. ఆమె మొదట ఏమీ లేదన్నది, తరువాత కొంచెము నూనె గుర్తుకు వచ్చింది. కష్టములో ఉన్నవారికి తమ వద్ద ఉన్నది కనబడదు. కౌన్సెలరు, సోషల్ వర్కరు కలిసి ఇంటికి వెళ్ళి, చుట్టుప్రక్కల విచారించి, బడి టీచరును కలిసి ఒక సామాజిక పరిశోధన నివేదిక తయారుచేస్తారు. పిల్లను సమితి ముందుకు తెచ్చిన తరువాత ఈ పరిశోధన 15 రోజులలో ముగియాలని చట్టము కోరుతుంది. ఇంటిలో ఎవరు బలమైనవారు, పిల్ల ఎవరి దగ్గర ధైర్యముగా ఉంటుంది, మేనమామ ఆదుకొంటాడా, రేషను కార్డు ఉన్నదా, పింఛను వస్తున్నదా – ఇవన్నీ అందులో చేరుతాయి.

మూడవది, పొరుగువారిని చేర్చుకొనుట. నూనె ఆ ఇంటిదే. పాత్రలు మాత్రము పొరుగువారివి. కౌన్సెలరు ఒంటరిగా ఏదీ పరిష్కరించరు. బడి మానిన బాలికను 2004 నుండి ఉన్న కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయమునకు పంపాలంటే విద్యాశాఖ కావాలి. నిద్రపట్టని, మాట్లాడని, చనిపోవాలనుకొనే బిడ్డకు మానసిక వైద్యుడు కావాలి. కర్నూలు, కడప ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగములు, 2022లో ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరు ఇందుకు ఉన్నాయి. కౌన్సెలరు వైద్యులు కారు, వకీలు కారు, పోలీసు కారు. తన హద్దు తెలిసి, తగినవారికి చేర్చడము ఆ వృత్తిలో ఒక నైపుణ్యము.

నాలుగవది, తలుపు మూసికొనుట. ఆ స్త్రీ తన కుమారులతో లోపలికి వెళ్ళి తలుపు మూసికొన్నది. ఊరంతా చూడవలసిన పని కాదది. కౌన్సెలింగులో గోప్యత ఇదే. బిడ్డ పేరు, ఊరు, బడి బయటపడకూడదు. ప్రార్థన మనవి అనే పేరుతో ఉపవాస కూడికలో ఒక బిడ్డ కష్టమును పేరుతో సహా చెప్పడము కూడా గోప్యతకు భంగమే. “కష్టములో ఉన్న ఒక కుటుంబము కొరకు” అంటే చాలు, ప్రభువుకు పేరు తెలుసు.

ఐదవది, ఇంటివారే పని చేయుట. ఎలీషా నూనె పోయలేదు. తల్లి పోసింది, కుమారులు పాత్రలు అందించారు. మంచి కౌన్సెలరు కుటుంబము తన కాళ్ళమీద నిలబడేలా చేస్తారు గాని తనమీద ఆధారపడేలా చేయరు. ప్రతి బిడ్డకు ఒక వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక వ్రాసేటప్పుడు ఆ బిడ్డ అభిప్రాయము కూడా అడుగుతారు.

ఆరవది, తిరిగి విచారించుట. ఆమె మరల వచ్చి జరిగినది చెప్పింది. అప్పు తీర్చి, మిగిలినదానితో పిల్లలతో కలిసి బ్రదకమని ప్రవక్త చెప్పాడు. సమస్య ఆ పూటకు తీరితే చాలదు, రేపటి జీవనము కూడా చూడాలి. పిల్ల ఇంటికి చేరిన తరువాత కూడా నెలల తరబడి వెళ్ళి చూచి రావడము కౌన్సెలింగులో భాగము.

ఈ కథ ముగింపులో పిల్లలు ఎక్కడ ఉన్నారో గమనించండి. వారు అప్పులవాని ఇంట లేరు, ప్రవక్త ఆశ్రమములోనూ లేరు. తమ తల్లి దగ్గరే ఉన్నారు.

4. ఇల్లు ముందు, హాస్టలు చివర

పై మాట మన సంఘముల చరిత్రకు సూటిగా తగులుతుంది. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని ప్రారంభించింది. 1876–78 నాటి మహా కరువులో కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు ఘోరముగా దెబ్బతిన్నాయి. ఆ కాలములో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలకు మిషన్లు ఆశ్రయమిచ్చాయి. తరువాతి తరములలో బోర్డింగు బడులు వందలాది దళిత బిడ్డలకు చదువు అందించాయి. మన కాపరులలోను, టీచర్లలోను అనేకుల కుటుంబములు ఆ బోర్డింగులలో తిన్న అన్నమునకు ఋణపడి ఉన్నాయి. ఆ మేలును తక్కువ చేయనవసరము లేదు.

కాని ఆనాటి పరిష్కారము నేటి అలవాటుగా మిగిలిపోయింది. ఇంటిలో కష్టము రాగానే “పిల్లను హాస్టలులో వేద్దాము” అనే మాట మన నోట ముందుగా వస్తుంది. తల్లి బ్రదికి ఉన్న బిడ్డ కూడా దాతల పత్రములలో అనాథగా మారిపోతుంది. 2015 చట్టము ఈ అలవాటుకు ఎదురుగా ఒక సూత్రము నిలిపింది: బిడ్డను చూచుకొనే మొదటి బాధ్యత కుటుంబముదే, సంస్థలో ఉంచడము అన్ని దారులు మూసుకొన్న తరువాత చివరి దారి. పైగా, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచే ప్రతి గృహము ఈ చట్టము క్రింద నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు గాని, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. మతసంస్థ నడుపుతున్నదనే కారణముతో మినహాయింపు లేదు.

మరి పేద విధవరాలు బిడ్డను ఎలా పోషించాలి? ఇక్కడే కౌన్సెలరు చేతిలో ఒక ఉపాయము ఉన్నది. 2022 నాటి మిషన్ వాత్సల్య నిబంధనల క్రింద, బిడ్డ ఇంటివద్దనే ఉండి చదువుకొనుటకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సహాయము ఉన్నది. విధవరాలైన లేదా భర్త విడిచిన తల్లి పిల్లలు, బంధువుల ఇంట ఉన్న అనాథలు, ప్రాణాంతక రోగముతో ఉన్న తల్లిదండ్రుల పిల్లలు దీనికి అర్హులు. కుటుంబ ఆదాయము ఏడాదికి గ్రామములలో 72,000, ఇతర ప్రాంతములలో 96,000 రూపాయలు మించరాదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు చేయాలి. మరణ ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, బడి సర్టిఫికెట్టు వంటివి కూర్చడములో చదువురాని తల్లికి తోడు కావాలి. ఆ తోడు సంఘము ఇవ్వగలదు. ఒక బిడ్డను హాస్టలుకు పంపే శ్రమకన్నా ఈ కాగితములు కూర్చే శ్రమ ఎక్కువేమీ కాదు.

ఇదే వరుసలో దత్తత మాట కూడా చెప్పుకోవాలి. పెండ్లికాని తల్లి బిడ్డను పిల్లలు లేని విశ్వాస దంపతులకు నేరుగా అప్పగించడము దయగా కనిపించవచ్చును. చట్టము దానిని నేరముగా చూస్తుంది. మూడేండ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల జరిమానా గాని, రెండును గాని ఉంటాయి. సరియైన దారిలో తల్లి సమితి ముందు బిడ్డను అప్పగిస్తే, ఆమెకు కౌన్సెలింగు ఇచ్చి, మనస్సు మార్చుకొనుటకు రెండు నెలల గడువు ఇస్తారు. 2022 సెప్టెంబరు నుండి దత్తత ఉత్తర్వును జిల్లా కలెక్టరు ఇస్తున్నారు.

5. కాపరి ఆగి ఆలోచించవలసిన మూడు చోట్లు

అ) రాజీ. భార్యాభర్తల గొడవలో మనము వేసే మొదటి ప్రశ్న తరచుగా, “నీవేమి అన్నావమ్మా, ఆయన అంత కోపపడటానికి?” అని ఉంటుంది. గృహహింస చట్టపు 2006 నియమములలో కౌన్సెలింగు గురించి చెప్పినది దీనికి పూర్తిగా భిన్నము. కొట్టినవాడు తాను ఎందుకు కొట్టాడో సమర్థించుకొనే మాటలకు కౌన్సెలింగులో చోటు లేదు. ఈ సంగతి ముందే అతనికి చెప్పాలి. మరల కొట్టనని అతడు హామీ ఇవ్వాలి. రాజీ ప్రయత్నము ఆ స్త్రీ కోరితేనే జరగాలి. తల్లి దెబ్బలు తినే ఇంటిలో పిల్లవాడు పుస్తకము ముందు కూర్చున్నా అతని చెవి తలుపు వైపే ఉంటుంది. అందుచేత హింస ఆగకముందు కుదిర్చే రాజీ ఆ పిల్లవానికి శాంతిని ఇవ్వదు.

ఆ) రహస్యము. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, 18 ఏండ్లలోపు బిడ్డపై లైంగిక నేరము జరిగిందని తెలిసిన ఏ వ్యక్తియైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆరు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండును గాని ఉంటాయి. ఒక సంస్థ అధిపతి తన క్రింది ఉద్యోగి చేసిన నేరమును దాచితే ఏడాది వరకు జైలు, జరిమానా కూడా పడతాయి. హాస్టలు నడిపే కాపరి దీనిని ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. పాపపు ఒప్పుకోలుగా విన్నామని కాపరికి ప్రత్యేక రక్షణ మన సాక్ష్య చట్టములో లేదు. అయితే మంచి మనస్సుతో సమాచారము ఇచ్చినవారికి చట్టము రక్షణ ఇస్తుంది.

“విశ్వాసులు అవిశ్వాసుల ఎదుట వ్యాజ్యెమాడకూడదు కదా” అని 1 కొరింథీ 6వ అధ్యాయమును అడ్డుపెట్టేవారు ఉన్నారు. అక్కడ పౌలు మాట్లాడుతున్నది దేనిని గూర్చి? 3, 4 వచనములలో ఆయన వాడిన గ్రీకు మాట బియోటికా, అంటే ఈ జీవనమునకు చెందిన వ్యవహారములు. 2వ వచనము వాటిని మిక్కిలి అల్పమైనవిగా చెబుతుంది. 7వ వచనములో అన్యాయమును సహించుమని చెప్పినది నష్టపోయిన పెద్దవారితోనే గాని, ఒక బిడ్డకు జరిగిన కీడును మరొకరు సహించి ఊరుకొనుమని కాదు. కీడు చేసినవానిని శిక్షించుటకు అధికారులు నియమింపబడ్డారని అదే పౌలు రోమా 13:1–4లో బోధించాడు.

కుటుంబపు పరువు కొరకు మౌనము పాటించితే ఏమవుతుందో 2 సమూయేలు 13వ అధ్యాయము చూపుతుంది. తామారుకు అన్యాయము జరిగినప్పుడు అన్న అబ్షాలోము ఆమెను ఊరకుండుమన్నాడు. తండ్రియైన దావీదు కోపపడ్డాడు, కాని ఏమీ చేయలేదు. ఆ మౌనము ఆమెను ఒంటరిని చేసింది, రెండేండ్ల తరువాత ఇంటిలో హత్యగా బయటపడింది. కక్షల నేలలో ఉన్న మనకు ఈ కథ కొత్తది కాదు.

ఇ) పెండ్లి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము 2007 నవంబరు 1 నుండి అమలులో ఉన్నది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏండ్లు నిండాలి. ఈ చట్టపు 10వ సెక్షను సూటిగా పెండ్లి జరిపించే వ్యక్తిని గూర్చినదే: రెండేండ్ల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. అది బాల్యవివాహము కాదని నమ్ముటకు తనకు కారణములున్నాయని నిరూపించుకొనే భారము కూడా ఆ వ్యక్తిదే. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత, 18 ఏండ్లలోపు భార్యతో కాపురము కూడా అత్యాచార నేరముగానే లెక్కింపబడుతుంది. అంటే మనము ఆశీర్వదించిన పెండ్లికొడుకు ఆసుపత్రి కాన్పు గదినుండి నేరుగా కేసులోకి వెళ్ళవచ్చును.

మూడు ఆదివారములు పెండ్లి ప్రకటన చదివే మన ఆచారము ఇక్కడ గొప్ప సాధనము. మొదటి ప్రకటనకు ముందే వయస్సు పత్రము తీసుకోవాలి. బడిలో ఇచ్చిన పుట్టినతేదీ పత్రము గాని పదవ తరగతి సర్టిఫికెట్టు గాని, అవి లేకుంటే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రము గాని చూడాలి. ఆధారు కార్డు గుర్తింపునకే గాని పుట్టినతేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. వయస్సు చాలకపోతే “నేను చేయను” అని ఊరుకొంటే చాలదు; మరొకరు చేస్తారు. పెండ్లి ప్రమాదములో ఉన్న బాలికను 2015 చట్టము సంరక్షణ అవసరమైన బిడ్డగానే లెక్కిస్తుంది. 1098కు గాని, అంగన్‌వాడీ ద్వారా శిశు అభివృద్ధి పథక అధికారికి గాని తెలియజేస్తే కౌన్సెలరు ఆ తల్లిదండ్రులతో మాట్లాడుతారు. పిల్లను పై చదువుకు పంపే దారి చూపితే పెండ్లి ఆపడము సులువవుతుంది.

6. వరుస ఏది? మత్తయి 18 చెప్పేది

సంఘ క్రమశిక్షణకు మనము తరచుగా మత్తయి 18:15–17ను వాడతాము. మొదట ఒంటరిగా మాట్లాడాలి, తరువాత ఇద్దరు ముగ్గురితో, చివరికి సంఘముతో. ఇది పరిచర్యకు విలువైన పద్ధతియే. కాని ఆ అధ్యాయము అక్కడ మొదలు కాలేదు. ప్రభువు ఒక చిన్నబిడ్డను పిలిచి శిష్యుల మధ్య నిలబెట్టడముతో మొదలవుతుంది. చిన్నవారిలో ఒకనిని అభ్యంతరపరచువానికి కలిగే గతి, చిన్నవారిని తృణీకరించవద్దనే హెచ్చరిక, తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానము – ఇవన్నీ చెప్పిన తరువాతనే సహోదరునితో సమాధానపడే పద్ధతి వస్తుంది. పద్నాలుగు వచనములు బిడ్డకు, పిదప సహోదరునికి.

ఈ వరుసను చదివిన కాపరి, బిడ్డకు కీడు చేసిన పెద్దమనిషిని ఆ బిడ్డతో ఒకే గదిలో కూర్చోబెట్టి క్షమాపణ చెప్పించడు. ఆ బిడ్డ మధ్యలో నిలబడి ఉన్నంతసేపు మిగిలిన వ్యవహారము ఆగాలి.

ముగింపు

కౌన్సెలరు పని కాపరి పనికి పోటీ కాదు. బిడ్డ మాటను క్రమముగా వినే శిక్షణ, ఇంటిని పరిశోధించే పద్ధతి, సమితి ద్వారా ఉత్తర్వు తెచ్చే అధికారము కౌన్సెలరుకు ఉన్నాయి. ఆ ఇంటివారి నమ్మకము, ఏండ్ల తరబడి ఉన్న పరిచయము, కేసు ఫైలు మూసిన తరువాత కూడా ఆదివారము ఆదివారము ఆ కుటుంబమును కలిసే అవకాశము కాపరికి ఉన్నాయి. అప్పగించడమంటే వదిలివేయడము కాదు. విషయమును తగినవారికి చేర్చిన తరువాత కూడా బిడ్డ వెంట ఆసుపత్రికి, సమితి ముందుకు, తిరిగి బడికి నడవడము మన పరిచర్యయే.

సంఘములు వెంటనే చేయదగిన పనులు నాలుగు ఉన్నాయి. జిల్లా బాలల సంరక్షణ విభాగపు చిరునామా, 1098, 181, 14416 నంబర్లు చర్చిలో వ్రాసి పెట్టాలి. స్త్రీల సహవాసములో ఇద్దరిని ఎన్నుకొని, కష్టములో ఉన్న బిడ్డ ధైర్యముగా మాట్లాడగలిగేలా వారికి శిక్షణ ఇప్పించాలి. సంఘములోని విధవరాండ్ర, వలస కుటుంబముల పిల్లల జాబితా వ్రాసి, స్పాన్సర్‌షిప్‌కు అర్హులైనవారి కాగితములు కూర్చాలి. వయస్సు పత్రము లేని పెండ్లి ప్రకటన చదవకూడదని సంఘ కమిటీ తీర్మానము చేయాలి. సెమినరీలు కూడా కాపరి కౌన్సెలింగు పాఠములో బాలల న్యాయ చట్టమును, పోక్సోను చేర్చి, విద్యార్థులను కొన్ని రోజులు ఈ విభాగములకు పంపితే మేలు.

సుగ్గి మొదలయ్యే కాలములో మన పల్లెలలో ఇండ్లకు తాళములు పడతాయి. ఏ ఇంటి బిడ్డ ఎవరి దగ్గర ఉన్నదో ఆ ఊరి కాపరికి తెలిసి ఉండాలి. మిగిలిన పని అక్కడినుండి మొదలవుతుంది.